బ్యాంకాక్‌లో ఒక్క శనివారం, వెంట అమ్మానాన్నలు: గుళ్ళూ సంతా ఒకే రోజులో అవుతాయా?

మీరు అడిగింది ఇదీ: చేతిలో ఉన్నది శనివారం ఒక్కటే, బస అసోక్ దగ్గర, వెంట అరవై దాటిన అమ్మానాన్నలు. గ్రాండ్ ప్యాలెస్, వాట్ ఫో, వాట్ అరుణ్, చాతుచాక్ సంత, ఎమ్‌బీకే మాల్, ప్లాటినమ్ మాల్ ఆరూ చూసేయొచ్చా? ఏ వరసలో వెళ్ళాలి? బేరం ఎంతవరకూ ఆడొచ్చు? కట్టిన పన్ను వెనక్కి వస్తుందా?

ఆరూ అవ్వవు. నాలుగవుతాయి, అదీ వరస తప్పకపోతేనే. పొద్దున 8:30కి గ్రాండ్ ప్యాలెస్, తర్వాత వాట్ ఫో, పడవలోంచి వాట్ అరుణ్, మధ్యాహ్నం మూడింటి నుంచి ఆరింటిదాకా చాతుచాక్. ప్లాటినమ్ మానేయండి. ఎమ్‌బీకే సంగతి సాయంత్రం కాళ్ళను బట్టి చూసుకోండి.

ఈ వరసే ఎందుకంటే, మీ జాబితాలో పెద్దవన్నీ ఎమ్మార్టీ, అంటే బ్యాంకాక్ మెట్రో రైలు, నీలం లైను మీదే ఉన్నాయి. అసోక్ కూడలిలోని సుఖుమ్విత్ స్టేషన్‌లో ఎక్కితే తొమ్మిదో స్టాపు సనామ్ చాయ్, రాజభవనం వైపు దిగేది అక్కడే. మళ్ళీ అదే సనామ్ చాయ్‌లో ఎక్కి కూర్చుంటే, రైలు మారకుండా పంతొమ్మిదో స్టాపు కాంఫేంగ్ ఫెట్, నేరుగా సంతలోకి. నలభై నిమిషాల ఏసీ, అదృష్టం బాగుంటే సీటు. బ్యాంకాక్‌లో రోజు పాడయ్యేది దూరం వల్ల కంటే ట్రాఫిక్‌లో కారులో కూర్చోవడం వల్లా, ఎండలో దారి వెతుక్కోవడం వల్లా. ఆ రెండూ ఈ లైనుతో తప్పుతాయి.

టికెట్ విషయంలో ఒక చిక్కుంది. ఎమ్మార్టీ గేటు దగ్గర కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్ కార్డు నేరుగా తాకించి వెళ్ళొచ్చు గానీ, ఒక కార్డుతో ఒక్కరే వెళ్ళగలరు. మీరు తాకించి లోపలికి వెళ్ళి, అదే కార్డు అమ్మకు వెనక్కి అందిస్తే గేటు తెరుచుకోదు. వాళ్ళిద్దరికీ మెషిన్‌లో నల్లటి ప్లాస్టిక్ టోకెన్లు కొనండి. ఎక్కేటప్పుడు తాకించాలి, దిగేటప్పుడు గేటు చీలికలో వేసేయాలి, అందుకని మధ్యలో పారేసుకోకూడదు. బీటీఎస్ అనే ఆకాశమార్గం రైలు వేరే సంస్థది, ఎమ్మార్టీ టోకెన్ అక్కడ చెల్లదు, మళ్ళీ టికెట్ కొనాలి.

ఇక పొద్దుట సంగతి. ఏడున్నరకల్లా బస వదలండి. సనామ్ చాయ్ నుంచి ప్యాలెస్ ప్రవేశద్వారం పక్కనే ఉన్నట్టు మ్యాప్‌లో కనిపిస్తుంది గానీ, ద్వారం ఉత్తరం వైపు నా ఫ్రా లాన్ రోడ్డు మీద ఉంది. తెల్లటి గోడ వెంట కిలోమీటరు పైచిలుకు నడక, పెద్దవాళ్ళతో ఇరవై నిమిషాలు వేసుకోండి. టికెట్లు 8:30 నుంచి 3:30 వరకే ఇస్తారు. మనిషికి 500 బాట్లు. పదింటికల్లా టూరిస్టు బస్సులన్నీ దిగుతాయి, అప్పుడు గర్భాలయం ముందు చెప్పులు విడిచే చోట నిలబడటానికే జాగా ఉండదు. రాజకుటుంబ కార్యక్రమాలు ఉన్న రోజుల్లో కొన్ని భాగాలు మూసేస్తారు కాబట్టి, ముందురోజు రాత్రి ప్యాలెస్ అధికారిక సైటు ఒకసారి చూసుకోండి.

బట్టలే ఇక్కడ అసలు పరీక్ష. నిక్కర్లు, చేతులు లేని టాప్‌లు, చిరుగుల జీన్స్, ఒంటికి అతుక్కునే లెగ్గింగ్స్, పల్చటి గుడ్డ ఏవీ కుదరవు. మనవాళ్ళు చేసే పొరపాటు ఏమిటంటే, స్లీవ్‌లెస్ మీద చున్నీ కప్పుకుంటే సరిపోతుందనుకోవడం. మిగతా గుళ్ళలో సరిపోతుంది, ప్యాలెస్‌లో ఒప్పుకోరు, చేతులున్న చొక్కానే కావాలి. అమ్మకు వదులు ప్యాంటుతో పంజాబీ డ్రెస్సు, నాన్నకు మామూలు ప్యాంటు, చొక్కా. బట్టల తేడాతో గేటు దగ్గర ఆగిపోతే ఎదురుగా దుకాణాల్లో ఏనుగు బొమ్మల పైజామాలు అమ్ముతారు. మీ అవసరం వాళ్ళకు తెలుసు, కాబట్టి అక్కడ బేరం సాగదు.

లోపల రెండు గంటలు చాలు. 1782లో మొదటి రాముడు, అంటే రామా 1 రాజు, రాజధానిని నది ఇవతలికి మార్చినప్పుడు కట్టించిన ప్రాంగణం ఇది. అందులోని గుడి వాట్ ఫ్రా కేవ్, అక్కడి పచ్చ బుద్ధుడు 66 సెంటీమీటర్ల విగ్రహం. ఎత్తైన పీఠం మీద చాలా దూరంగా ఉంటుంది, ఇంతేనా అని నిరాశ పడేవాళ్ళే ఎక్కువ. లోపల ఫోటోలు తీయనివ్వరు, కాళ్ళు విగ్రహం వైపు చాపి కూర్చోకూడదు. తెలుగువాళ్ళు ఆగి చూడాల్సింది ఆ గుడి చుట్టూ ఉన్న వసారా గోడలు. రామకియెన్, అంటే థాయ్ రామాయణం, 178 చిత్రాల్లో వరసగా ఉంటుంది. ఉత్తర ద్వారం దగ్గర సీత దొరికే ఘట్టంతో మొదలవుతుంది, అక్కడి నుంచి ప్రదక్షిణంగా నడవాలి. చాలామంది ఎక్కడ పడితే అక్కడ మొదలుపెట్టి కథ అర్థం కాక వదిలేస్తారు. రావణుడు ఇక్కడ తోత్సకాన్, మన దశకంఠుడే. హనుమంతుడు తెల్లగా ఉంటాడు, పైగా బ్రహ్మచారి కాడు. రావణుడి కూతురైన మత్స్యకన్యతో ఆయన ప్రేమకథ కూడా అందులో ఉంది. నాన్నగారు భక్తులైతే ఆ మాట ముందే చెవిన వేయండి! వసారాలో నీడ ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళకు తెరిపిగానూ ఉంటుంది.

బయటికి రాగానే, లేదా లోపలికి వెళ్ళకముందే, చక్కటి చొక్కా వేసుకున్న ఒకాయన చిరునవ్వుతో పలకరిస్తాడు. 'ఇవాళ ప్యాలెస్ మూసేశారు, ప్రార్థనలు జరుగుతున్నాయి, ఒంటిగంటకు తెరుస్తారు. ఈలోగా నలభై బాట్లకు ఆటోలో పెద్ద బుద్ధుణ్ణి చూసి రండి.' ఇది దశాబ్దాల నాటి ఎత్తు. ఆ ఆటో, అంటే తుక్‌తుక్, గుడి పేరు చెప్పి చివరికి రత్నాల కొట్టుకో సూట్లు కుట్టే కొట్టుకో చేరుస్తుంది, డ్రైవరుకు కమీషన్ అక్కడ. మూసి ఉందో లేదో టికెట్ కౌంటరు దగ్గరికి వెళ్ళి మీరే చూడండి. 'ఇక్కడ కొని ఇండియాలో అమ్మితే రెట్టింపు' అన్న మాట వినబడగానే లేచి వచ్చేయండి.

ప్యాలెస్ నుంచి దక్షిణంగా పది పదిహేను నిమిషాలు నడిస్తే వాట్ ఫో. టికెట్ 300 బాట్లు. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు. అందరూ తల దగ్గర ఫోటో దిగి ముందుకు వెళ్ళిపోతారు. అరికాళ్ళ దగ్గర ఆగండి, ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలు అక్కడున్నాయి. వెనకవైపు 108 కంచు గిన్నెలు వరసగా ఉంటాయి, ఇరవై బాట్లకు చిల్లర నాణేలు తీసుకుని ఒక్కోదాంట్లో ఒక్కోటి వేసుకుంటూ వెళ్తారు. ఆ ప్రాంగణంలోనే సంప్రదాయ మర్దన బడి ఉంది. అమ్మానాన్నలకు అరగంట పాదాల మర్దన చేయిస్తే మధ్యాహ్నం సంతలో మీకు పనికొస్తుంది. ఒంటికి చేసే థాయ్ మర్దన మాత్రం మోకాళ్ళ నొప్పి, నడుము ఆపరేషన్, బీపీ ఉన్నవాళ్ళకు వద్దు. అందులో కీళ్ళు వంచి లాగుతారు, నెమ్మదిగా చేయమన్నా కొంత గట్టిగానే ఉంటుంది.

వాట్ అరుణ్ విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఎక్కడం మానేయండి. మెట్లు బాగా నిటారు, ఎక్కడం కంటే దిగడం కష్టం, పన్నెండింటి ఎండలో రాయి కాలుతుంది. వాట్ ఫో వెనకాలే ఉన్న తా తియెన్ రేవులో ఐదు బాట్లిచ్చి అవతలి ఒడ్డుకు పడవ ఎక్కండి. సూర్యుడి సారథి అరుణుడి పేరున్న ఆ గోపురం మొత్తంగా కంటికి ఆనేది నది మధ్య నుంచే. పింగాణీ ముక్కలతో చేసిన పూలపని దగ్గరగా చూడాలనుంటే దిగి, 200 బాట్ల టికెట్ కొని, కింద చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేయొచ్చు. రేవు దగ్గర 'ప్రత్యేక పడవ, గంటకు ఇంత' అంటూ వెంటపడేవాళ్ళను పట్టించుకోకండి, మీకు కావలసింది ఐదు బాట్ల పడవ మాత్రమే.

భోజనం ఒక స్టాపు అవతల. సనామ్ చాయ్ తర్వాతిది సామ్ యోత్, అక్కడి నుంచి నడిచిపోయే దూరంలో ఫాహురాత్, బ్యాంకాక్‌లోని మన దేశపు వీధి. గురుద్వారా, బట్టల కొట్లు, రొట్టె, పప్పు దొరికే హోటళ్ళు అన్నీ ఉంటాయి. శాకాహారులైతే ఇంకెక్కడా వెతక్కండి. థాయ్ వంటలో కూరగాయల వేపుడన్నా చేపల సాస్ పడుతుంది, బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలుంటాయి. 'వెజిటేరియన్' అంటే మాంసం ముక్క తీసేసి ఇచ్చే ప్రమాదం ఉంది. 'కిన్ జే' అనండి. జే అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ లేని నియమపు తిండి, ఉల్లి, వెల్లుల్లి కూడా పడవు. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాల జెండా కనిపించిన బండి దగ్గర నిశ్చింతగా తినొచ్చు.

రెండుంబావుకల్లా మళ్ళీ రైలు, మూడింటికి కాంఫేంగ్ ఫెట్. 2వ నంబరు దారిలో బయటికి రండి, ఎదురుగా సంతే. ఒక స్టాపు ముందు చాతుచాక్ పార్క్ అనే స్టేషన్ ఉంది, పేరు చూసి చాలామంది అక్కడే దిగేసి ఎండలో నడుస్తారు.

చాతుచాక్ శని, ఆదివారాల్లో తొమ్మిది నుంచి ఆరు వరకు. 27 విభాగాలు, పదిహేను వేల దాకా కొట్లు, కాబట్టి అంతా చూద్దామన్న ఆలోచన ముందే వదిలేయండి. మధ్యలో గడియార స్తంభం ఉంది, విడిపోతే కలుసుకునే చోటు అదేనని పెద్దవాళ్ళకు ముందే చెప్పి ఫోటో తీసి ఇవ్వండి. లోపలి సందుల్లో ఫోన్ మ్యాప్ మీద చుక్క నిలకడగా ఉండదు. ప్రతి కొట్టు మీదా విభాగం నంబరు, సందు నంబరు రాసి ఉంటాయి, నచ్చిన కొట్టు బోర్డు ఫోటో తీసుకోండి. 'ఒక చుట్టు తిరిగొచ్చి కొందాం' అనుకుంటే ఆ కొట్టు మళ్ళీ దొరకదు. నచ్చి, ధర కుదిరితే అప్పుడే కొనేయడం మంచిది. 5, 6 విభాగాల్లో పాత బట్టలు, 7లో చిత్రాలు, 17, 19లలో పింగాణీ, 26లో పాత వస్తువులు. కొత్త బట్టలు సంతంతా పరుచుకుని ఉంటాయి.

అమ్మానాన్నలను మూడు గంటలూ తిప్పకండి. పైన రేకులు, సందులో గాలి ఆడదు. పక్కనే మిక్స్ట్ చాతుచాక్ అని ఏసీ భవనం ఉంది, అక్కడ కూర్చోబెట్టి గంట తర్వాత రండి. లేదా రోడ్డుకు అవతల ఓర్ తోర్ కోర్ అనే శుభ్రమైన పళ్ళ మార్కెట్టు. అక్కడ ఒలిచిన దురియాన్ తినాలనుకుంటే అక్కడే తినేయండి, రైల్లోకి గానీ హోటల్ గదిలోకి గానీ రానివ్వరు.

బేరం. మనవాళ్ళు చెడగొట్టేది ఇక్కడే. సగానికి సగం అడిగే అలవాటు చాతుచాక్‌లో పనిచేయదు. చెప్పిన ధర మీద పది నుంచి ఇరవై శాతం తగ్గడమే మామూలు, సగం అడిగితే అమ్మేవాళ్ళు ముఖం తిప్పుకుంటారు. ఎక్కువ తగ్గించుకోవాలంటే సంఖ్య పెంచాలి. 200 బాట్ల చొక్కా ఒకటి కొంటే 180 అవుతుంది, మూడు కొంటే 500కి ఇస్తారు. రంగులు, సైజులు కలిపి మూడైనా సరే, ఒకే కొట్లో కొనాలి. కాల్‌క్యులేటర్ మీద అంకె కొట్టి చూపిస్తారు, మీరూ కొట్టండి. 'లోత్ నోయ్ దాయ్ మయ్' అని అడగండి, అంటే కొంచెం తగ్గించగలరా అని. చివర్లో మగవాళ్ళు 'ఖాప్', ఆడవాళ్ళు 'ఖా' చేర్చాలి, ఆ ఒక్క అక్షరంలో మర్యాదంతా ఉంది. గొంతు పెంచితే, విసుగు చూపిస్తే ధర తగ్గదు సరికదా, అమ్మకమే ఆగిపోతుంది. మీరు అడిగిన ధరకు వాళ్ళు సరేనన్నాక వెనక్కి తగ్గడం మాత్రం బాగోదు. ధర చీటీ అంటించి ఉన్న కొట్లలో అడక్కండి.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి. ఫ్రీ సైజు అంటే వాళ్ళ ఒడ్డూ పొడుగుకు ఫ్రీ, మనకు బిగుతు. వేసి చూసుకోనివ్వరు, తిరిగి తీసుకోరు. జేబులో కుట్టుకొలత టేపు పెట్టుకోండి, ఇంట్లో సరిపోయే ఒక చొక్కా ఛాతీ, పొడవు కొలిచి ఫోన్‌లో రాసుకోండి. ఏనుగు పైజామాల్లో చిరిగేది రెండు కాళ్ళూ కలిసేచోటి కుట్టు. అక్కడ రెండు వేళ్ళతో లాగి చూడండి, దారం మధ్య వెలుతురు కనిపిస్తే వద్దు. ముదురు రంగులు మొదటి రెండు ఉతుకులు విడిగా వేయాలి. వంద, నూటయాభై బాట్లకు 'థాయ్ పట్టు' చున్నీ అంటే అది పాలిస్టర్. పోగు తీసి కాలిస్తే పట్టు జుట్టు కాలిన వాసనతో పొడిగా రాలుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అంటుకుంటుంది. సంతలో అగ్గిపుల్ల గీయలేరనుకోండి, కాబట్టి అసలు పట్టు కావాలంటే ధర ఖరారుగా ఉండే పెద్ద కొట్లకే వెళ్ళండి. బుద్ధ విగ్రహాలు దేశం దాటించాలంటే లలితకళల శాఖ అనుమతి పత్రం కావాలి. మెడలో వేసుకునే చిన్న తాయెత్తుతో ఇబ్బంది లేదు. ఈ-సిగరెట్లు థాయ్‌లాండ్‌లో నిషిద్ధం, ఎవరు చూపించినా ముట్టుకోవద్దు.

సాయంత్రం ఆరింటికి మైకులో జాతీయగీతం వస్తుంది. ఒక్కసారిగా అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోతారు. మీరూ ఆగండి, చేతిలో బేరం ఉన్నా సరే.

డబ్బు సంగతి. సంతలో స్థానికులు క్యూఆర్‌తో కడతారు, మనకు నోట్లే దిక్కు. ఏటీఎమ్‌లో విదేశీ కార్డుకు ఒక్కోసారికి 220 బాట్లు, ఆపైన కూడా కోస్తారు, కాబట్టి రెండు మూడు సార్లు కొంచెం కొంచెం తీయకండి. 'మీ కరెన్సీలో మార్చి తీసుకుంటారా' అని తెర అడిగితే వద్దనండి, ఆ మారకపు రేటు ఎప్పుడూ నష్టమే. సువర్ణభూమి విమానాశ్రయంలో విమానం దిగి బయటికి వచ్చే హాల్లోని కౌంటర్ల కంటే, కింద అడుగు అంతస్తులో రైలు స్టేషన్ దగ్గర ఉన్న మారక దుకాణాల్లో రేటు మెరుగు.

పన్ను వాపసు సంత సరుకుకు రాదు. 'వ్యాట్ రిఫండ్' బోర్డున్న మాల్ కొట్లలో, ఒకే కొట్లో ఒకే రోజు 2,000 బాట్లు, ఆపైన కొంటేనే. అదే రోజు పాస్‌పోర్ట్ చూపించి పీపీ 10 ఫారం రాయించుకోవాలి, మర్నాడు వెళ్తే ఇవ్వరు. వ్యాట్ 7 శాతమే, రుసుము పోగా చేతికొచ్చేది అంతకంటే తక్కువ. విమానాశ్రయంలో ఎక్కువమంది తప్పేది వరస దగ్గర: సరుకున్న పెట్టె చెక్-ఇన్‌లో ఇచ్చేయకముందే కస్టమ్స్ కౌంటరు సంగతి చూసుకోవాలి, డబ్బు ఇమ్మిగ్రేషన్ దాటాక లోపలి కౌంటరులో ఇస్తారు. పెట్టె వెళ్ళిపోయాక సరుకు చూపించమంటే చేసేదేమీ లేదు. మీ కొనుగోలు మూడు నాలుగు వేల బాట్లే అయితే ఆ తిప్పలు పడటం దండగ.

సంత నుంచి తిరిగి అసోక్‌కు రెండు దారులు. కాంఫేంగ్ ఫెట్‌లో ఎమ్మార్టీ, లేదా పది నిమిషాలు నడిచి మో చిత్‌లో బీటీఎస్. ఎమ్‌బీకేకి వెళ్ళే ఓపిక ఉంటే బీటీఎస్ మేలు. సియామ్‌లో దిగి, పై అంతస్తు ప్లాట్‌ఫారానికి ఎక్కి, నేషనల్ స్టేడియం వైపు ఒక్క స్టాపు. లేదంటే సియామ్ నుంచి పైవంతెన మీద నడక. తొమ్మిది దాటాక చిన్న కొట్లు సర్దేస్తుంటాయి, కాబట్టి ఏడున్నరకైనా చేరలేకపోతే వెళ్ళకండి. అమ్మానాన్నలు అలసిపోతే నేరుగా అసోక్‌కు వచ్చేసి, స్టేషన్‌కు ఆనుకునే ఉన్న టెర్మినల్ 21 ఐదో అంతస్తు ఫుడ్ కోర్టులో తినండి. కౌంటరులో డబ్బిచ్చి కార్డు తీసుకోవాలి, మిగిలింది వెళ్ళేముందు వెనక్కి ఇస్తారు.

టాక్సీ తప్పనిసరైతే ఎక్కకముందే 'మీటర్' అనండి, 35 బాట్లతో మొదలవుతుంది. తల అడ్డంగా ఊపితే తర్వాతి బండి చూసుకోండి, లేదా గ్రాబ్, బోల్ట్ యాప్‌లలో ధర ముందే చూసి పిలవండి. శనివారం కాకుండా మీ తేదీ వారం మధ్యకు మారితే చాతుచాక్ తీసేసి, సామ్ యోత్ దగ్గరే భోజనం చేశాక చైనాటౌన్‌లోని సాంపెంగ్ సందులో మధ్యాహ్నం గడపండి, మిగతా వరసంతా ఇదే.